రాత్రికి రాత్రే ట్యాంకులో నీరు తగ్గుతోంది: గోడ పగలగొట్టకుండా లీకేజీని కనిపెట్టడం ఎలా?

మల్కాజిగిరి_ఇల్లు:
మాది పాత రెండంతస్తుల ఇల్లు. వెయ్యి లీటర్ల ట్యాంకును రాత్రి నింపి పడుకుంటే, ఎవరూ కుళాయి తిప్పకపోయినా తెల్లవారేసరికి నీటిమట్టం జానెడు దిగుతోంది. పై అంతస్తు స్నానాల గది వెనుక గోడకు చెమ్మ కూడా ఉంది. ప్లంబరు టైల్స్ తీసి చూడాలంటున్నారు. అంతకు ముందు మనంతట మనం చేసుకోగల పరీక్షలు ఉంటే దయచేసి తెలియజేయగలరు.

గుంటూరు_మిద్దె:
టైల్స్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపుల గేట్ వాల్వులన్నీ రాత్రి కట్టేసి, నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టుకోండి. అయినా మట్టం దిగితే లోపం ట్యాంకులోనో, మోటారు నుంచి పైకి వచ్చే పైపులోనో ఉన్నట్లు. దిగకపోతే ఇంటి లోపలి పైపుల్లోనో, వాటికి బిగించిన సామానులోనో ఉన్నట్లు. ఆ తర్వాత రాత్రికొక వాల్వు చొప్పున తెరిచి చూస్తే ఏ వరుసలో నీరు పోతోందో తేలిపోతుంది. పాత గేట్ వాల్వులు చాలాసార్లు పూర్తిగా మూసుకోవు కనుక, కట్టేశాక కింది కుళాయి తిప్పి ధార ఆగిందో లేదో చూసుకోవడం తప్పనిసరి.

కాకినాడ_గృహిణి:
మోటారు పైపు ట్యాంకు అడుగు నుంచి ఎక్కే ఇళ్లలో పైకెక్కిన నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు పాడైతే, నీరు అదే దారిన తిరిగి సంపులోకి దిగిపోతుంది. ఎక్కడా తడి కనిపించదు. మా ఇంట్లో జరిగింది ఇదే. తెల్లవారి సంపు మట్టం పెరిగి ఉందేమో చూడండి.

కొలతల_మాస్టారు:
వెయ్యి లీటర్ల గుండ్రటి ట్యాంకు అడ్డకొలత దాదాపు ఒక మీటరు ఉంటుంది కనుక, ఒక సెంటీమీటరు మట్టానికి సుమారు 8 లీటర్లు వస్తాయి. జానెడంటే 150 లీటర్ల పైమాటే. సెకనుకో చుక్క కారే కుళాయి, 20 చుక్కలను ఒక మిల్లీలీటరుగా లెక్కిస్తే, రోజంతా కలిపి నాలుగు లీటర్లకు కాస్త పైగా మాత్రమే పోగొడుతుంది. రాత్రికి 150 లీటర్లు గోడలోకే వెళ్లి ఉంటే అది చెమ్మతో ఆగదు, ధారగా కారుతుంది. మీ ఇంట్లో రెండు వేర్వేరు లోపాలు ఉన్నాయని నా అభిప్రాయం. పెద్దదానికి మొదట అనుమానించవలసింది ఫ్లష్ ట్యాంకునే. మిఠాయి రంగును అందులో కలిపి, అరగంట సేపు ఎవరూ ఫ్లష్ నొక్కకుండా ఉంచండి. కమోడ్‌లోకి రంగు దిగితే అడుగు వాషరు పట్టు తప్పినట్లు, లేదా లోపలి తేలుడు బంతి నీటిని వేళకు ఆపక అది మిగులు గొట్టం గుండా పొర్లిపోతున్నట్లు. సున్నం ఎక్కువగా ఉండే బోరు నీటికి ఈ వాషర్లు త్వరగా పాడవుతాయి.

మల్కాజిగిరి_ఇల్లు:
అందరికీ కృతజ్ఞతలు. వాల్వులు కట్టేసిన రాత్రి మట్టం కదలలేదు. పై అంతస్తు వరుస తెరవగానే దిగింది. రంగు వేసి చూస్తే ఫ్లష్ ట్యాంకు అడుగు వాషరే కారణమని తేలింది, మార్చాక నీరు నిలిచింది. గోడ చెమ్మ మాత్రం అలాగే ఉంది.

వరంగల్_మేస్త్రీ:
సరఫరా పైపుకు చిల్లు పడితే వాడినా మానినా చెమ్మ ఆరదు; నేల మీది నీరు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ గానీ, టైల్స్ సందుల్లోంచి గానీ దిగితే, ఆ గదిలో స్నానాలు ఆపిన కొద్ది రోజులకు గోడ ఆరడం మొదలవుతుంది. ఆరిన తర్వాత ట్రాప్ నోటిని బిగించి, నేల మీద రెండంగుళాల నీరు ఒక రోజు నిలబెట్టండి. చెమ్మ తిరిగి వస్తే, నేల ఆరాక సందులన్నిటినీ ఎపాక్సీ గ్రౌటుతో పూడ్చి మళ్లీ నీరు నిలపండి. అప్పటికీ దిగితే ట్రాప్ చుట్టూ ఉన్న నాలుగు టైల్స్‌తో పని మొదలుపెట్టమనండి, గది మొత్తం తవ్వనివ్వకండి. కొత్తగా కట్టుకునేవారు స్నానాల గది కోసం దించి వేసిన స్లాబు పల్లాన్ని పూడ్చక ముందే ఈ పరీక్ష చేయించి, ప్లాస్టరింగుకు ముందు పైపుల్లో ఒత్తిడి నిలుస్తోందో చూసి, గోడలన్నిటికీ కొలటేపు కనబడేలా ఫొటోలు తీసి దాచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. వేడినీటికి వాడే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకు మామూలు పీవీసీ జిగురు రాయనివ్వకండి, ఆ అతుకులు వేడినీటికి నిలవవు.