పాత పోర్షే 911 కారు ముందు బంపర్‌కి కొత్త ట్రిమ్ పట్టి: కుడి మూల కూర్చోవడం లేదు, ఏం చేయాలి?

ఎడిసన్ గ్యారేజీ (న్యూజెర్సీ):

అందరికీ నమస్కారం. నా దగ్గర 1970 పోర్షే 911టీ ఉంది. మా వీధిలో రిటైరైన ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. ఆయన ఎప్పుడో బంపర్ మీది అల్యూమినియం పట్టీ, దాని మధ్యలో ఉండే నల్ల రబ్బరు బీడింగూ పీకేశారు. మొన్న పెయింట్ అయ్యాక రీప్రొడక్షన్ సెట్ (పాతదాని నమూనాలో కొత్తగా చేసినది) తెప్పించుకున్నాను. రేటు చూసి ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు, అది వేరే సంగతి.

సమస్యలు మూడు. ఒకటి, ఎడమ వైపు, మధ్యలో బాగానే కూర్చుంది కానీ కుడి మూలలో, చక్రం వైపు తిరిగే చోట, పట్టీకి బంపర్‌కి మధ్య 4 మిల్లీమీటర్ల ఖాళీ. రెండు, పట్టీ వెనక గాడిలో జారే బోల్టులు నట్టు బిగిస్తుంటే నట్టుతో పాటే తిరిగిపోతున్నాయి. మూడు, రబ్బరు ఆదివారం సాయంత్రం చివరికంటా సరిగ్గా కోసి పెట్టాను. వారం తిరిగేసరికి ఒక కొసన 8 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లిపోయింది.

అమ్మినవాళ్లని అడిగితే "కొంచెం అడ్జస్ట్ చేసుకోవాలి సార్" అన్నారు. సరుకే బాగాలేదంటారా? వెనక్కి పంపేయనా?

స్టుట్‌గార్ట్ తమ్ముడు:

అన్నా, వెనక్కి పంపే ముందు ఒక్క మాట. 1970 అన్నారు కాబట్టి పర్లేదు. ఎవరైనా ఇది చదివి 1974, ఆ తర్వాతి బండికి ఇదే పద్ధతి అనుకోకండి. గంటకు 5 మైళ్ల వేగంతో గుద్దినా లైట్లు, బానెట్ లాంటివి దెబ్బతినకూడదని అమెరికాలో రూల్ రావడంతో 1974 మోడల్ నుంచి 911 బంపరే మారిపోయింది. పక్కన అకార్డియన్ లాంటి మడతల రబ్బర్లుండేవి అవే. వాటి ట్రిమ్ వేరు, బిగించే తీరు వేరు.

ఇక మీ కుడి మూల. దయచేసి ఆ 4 మిల్లీమీటర్లని నట్లు బిగించి లాగకండి. లాగితే బోల్టు తల గాడి పెదవుల్ని విప్పేస్తుంది. లేదంటే పట్టీ అంచు కొత్త పెయింట్‌లోకి దిగుతుంది. నేనలా ఒకటి పాడు చేసుకున్నాను కాబట్టి చెప్తున్నా.

లేక్‌సైడ్ (చికాగో):

ఇంత ఆలోచన ఎందుకు బ్రో? వెనకాల బ్లాక్ సిలికాన్ పెట్టి, టేప్ వేసి రాత్రంతా వదిలేయండి. ఖాళీ కనపడదు, బోల్టు తిరిగే గొడవా లేదు. రబ్బరు కొసల్లో కూడా ఒక చుక్క వేస్తే ఎక్కడికీ పోదు.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ):

సిలికాన్ జోలికి పోవద్దు నాయనా. వెనిగర్ వాసన కొట్టే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదుల్తుంది. ఇనుము, అల్యూమినియం రెండింటికీ అది పడదు. పైగా రేపు పట్టీ తీయాలంటే పెయింట్ పెచ్చులతో సహా వస్తుంది. ఎప్పటికైనా తీసి పెట్టుకోవాల్సిన దాన్ని అతికించకూడదు.

నేను పోర్షే మీద చెయ్యి పెట్టలేదు, ముందే చెప్తున్నా. అంబాసిడర్లు, ఫియట్లు, బస్సుల బాడీలు చేసి ముప్పై ఏళ్లయింది. రేకుకి ఊరేదైనా ఒకటే.

నువ్వు పట్టీ తప్పంటున్నావు. బంపర్ తప్పు కాదని ఎలా తెలుసు? ఎడమ కూర్చుని కుడి కూర్చోలేదంటే నాకు ముందు అనుమానం బంపర్ మీదే. ఇన్నేళ్ల బండి పార్కింగ్‌లో ఎన్నిసార్లు తగిలి ఉంటుందో. ఇలా చేసి చూడు. గట్టి అట్టముక్క తీసుకుని ఎడమ మూల వంపుకి సరిగ్గా ఆనేలా కత్తిరించు. దాన్నే తిరగేసి కుడి మూలకి పెట్టు. బంపర్ రెండు వైపులా ఒకే రూపం కాబట్టి అట్ట అక్కడా ఆనాలి. ఆనకపోతే బంపర్ లోపలికి పోయిందన్నమాట. ఆనితే పట్టీ వంపు చాల్లేదు. అట్ట కత్తిరించగా మిగిలిన ముక్కని పట్టీ లోపలి వైపు పెట్టి చూస్తే రెండింట్లో ఏది అబద్ధమాడుతోందో తేలిపోతుంది.

ఇంకోటి. పల్చటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి ఆ మూలంతా నడిపించు. ఒకచోట పట్టు సడలిందంటే కింద పుట్టీ మందంగా ఉన్నట్టే. స్టీలు బంపర్ అయితేనే ఈ పరీక్ష పనికొస్తుంది.

ఎడిసన్ గ్యారేజీ:

బాబాయ్ గారూ, ఇప్పుడే చేసొచ్చాను. అట్ట కుడి మూలలో ఆనలేదు, 3 మిల్లీమీటర్ల వెలుతురు కనపడుతోంది. అయస్కాంతం అక్కడే జారిపోతోంది! పెయింట్ వేసినవాళ్లు సొట్ట తీయకుండా పుట్టీతో నింపేశారన్నమాట. పట్టీ మీద పెట్టి చూస్తే దాని తప్పు ఒక మిల్లీమీటరే. వారం రోజులుగా పాపం దాన్ని తిట్టుకుంటున్నా. మరి ఇప్పుడు బంపర్ మళ్లీ విప్పాలా? పెయింట్ అయి నెల కూడా కాలేదు.

ఆటోనగర్ బాబాయ్:

విప్పడమే మంచిది. కానీ నీ బాధ అర్థమైంది. రెండు దార్లున్నాయి. సరైన దారి, బంపర్ దింపి, పుట్టీ గీకి, వెనక ఇసుక సంచి ఆనించి కొయ్య సుత్తితో సొట్ట బయటికి తెచ్చి, ఆ మూల వరకు మళ్లీ పెయింట్. రెండోది, పట్టీనే బంపర్‌కి తగ్గట్టు వంచడం. షోకి తీసుకెళ్లే బండి కాకపోతే రెండోదీ తప్పు కాదు.

వంచేటప్పుడు గాడిలో రబ్బరు ఉంచే వంచు, లేకపోతే గాడి నొక్కుకుపోతుంది. చెక్కని బంపర్ వంపుకి కాస్త ఎక్కువగా చెక్కి, పట్టీకి మాస్కింగ్ టేప్ చుట్టి, చెక్క మీద అరచేతులతో కొద్దికొద్దిగా నొక్కు. సుత్తి వద్దు. ప్రతి నొక్కుకీ పట్టీని కుడి మూలకి ఆనించి చూసుకో. వంచాక కొంత వెనక్కి వస్తుంది, అందుకే చెక్క వంపు ఎక్కువ ఉండాలన్నాను. గ్యాస్ మంట అసలు చూపించకు. ఇనుమైతే ఎర్రబడి చెప్తుంది. అల్యూమినియం రంగు మారకుండానే 660 డిగ్రీల దగ్గర కారిపోతుంది.

స్టుట్‌గార్ట్ తమ్ముడు:

బాబాయ్ గారి మాటకి ఒక చేర్పు. పట్టీ మీద ఆనోడైజింగ్ (అల్యూమినియానికి రక్షణగా తెప్పించే గట్టి పొర) ఉంటే అది గాజు పొరలాంటిది. ఒకేచోట గట్టిగా వంచితే వెంట్రుకంత తెల్ల గీతలు పడతాయి, పాలిష్‌తో పోవు. అందుకే వంపుని ఒక బిందువు దగ్గర కాకుండా ఒక జానెడు పొడవున పంచండి.

బోల్టులు తిరగడం గురించి: సెట్‌తో వచ్చినవి నైలాన్ లాక్ నట్లా (వదులవకుండా లోపల నైలాన్ రింగుండేవి)? అయితే కారణం అదే కావచ్చు. నైలాన్ రాపిడికి నట్టు బదులు బోల్టే తిరుగుతుంది. మామూలు నట్టు, స్ప్రింగ్ వాషర్ వాడండి. అప్పటికీ తిరిగితే, బోల్టు కొసని హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి చిన్న గాడి చేయండి. అందులో స్క్రూడ్రైవర్ ఆనించి బోల్టుని పట్టుకుని, నట్టుని ఓపెన్ స్పానర్‌తో తిప్పండి. ముందు అన్ని నట్లూ వేలితో ఎక్కించి, మధ్య నుంచి చివరలకి పావు తిప్పు చొప్పున వెళ్లండి.

ఉప్పురోడ్లు (మిషిగన్):

నేను ఆలస్యంగా వచ్చినట్టున్నాను. తమ్ముడూ, మీ న్యూజెర్సీలోనూ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారుగా, కాబట్టి ఇది విను. అల్యూమినియం పట్టీ, స్టీలు బంపర్, మధ్యలో ఉప్పునీళ్లు. ఇది చిన్న బ్యాటరీ. ముందు తినబడేది అల్యూమినియం. తెల్లటి పొడి రాలడం మొదలైతే అర్థం అదే. బోల్టు రంధ్రాల అంచుల్లో పెయింట్ లేచిపోయి ఉంటే జింక్ ప్రైమర్ పూయి. బంపర్‌కి, పట్టీకి మధ్య నైలాన్ వాషర్లు పెట్టు, బోల్టులకి యాంటీ సీజ్ (మరలు బిగుసుకుపోకుండా రాసే పేస్టు) పూత రాయి. మావారు ఇదంతా చాదస్తం అంటారు. రెండు శీతాకాలాల తర్వాత వాళ్ల స్నేహితుడి బండి పట్టీ విప్పలేక కోయాల్సొచ్చినప్పటి నుంచి అనడం లేదు.

ఎడిసన్ గ్యారేజీ:

థాంక్స్ అక్కా. అవును, లాక్ నట్లే. ఇక రబ్బరు సంగతి ఎవరూ చెప్పలేదు. నాసిరకమా?

ఆటోనగర్ బాబాయ్:

ఎలా పెట్టావో చెప్పు. ఒక కొస దూర్చి, లాక్కుంటూ పోయావా?

ఎడిసన్ గ్యారేజీ:

అవునండి. లాగితే సులువుగా దూరింది.

ఆటోనగర్ బాబాయ్:

అదీ సంగతి. లాగితే రబ్బరు సాగి సన్నబడుతుంది, అందుకే సులువుగా దూరింది. తర్వాత నిదానంగా తన అసలు పొడవుకి వచ్చేసింది. నువ్వు కోసింది సాగిన రబ్బరుని. బీడింగ్‌ని తోయాలి, లాగకూడదు.

గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి మెత్తబరుచు. గాడిలో సబ్బునీళ్లు రాయి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు, కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఒక పెదవి గాడిలో పెట్టి, రెండో పెదవి కింద సన్నటి నైలాన్ తాడు పరిచి, తాడు లాగుతూ ఉంటే పెదవి తనంతట తనే లోపలికి పడుతుంది. బస్సు అద్దాలు ఎక్కించేది ఇలాగే. రెండు అంగుళాలకోసారి వెనక్కి, అంటే పెట్టిన వైపుకి, కాస్త నెట్టు. చివర్లో ఒక అంగుళం ఎక్కువ వదిలి, రెండు రోజులు ఆగి, అప్పుడు కొయ్యి.

స్టుట్‌గార్ట్ తమ్ముడు:

ఎండా చలీ కూడా లెక్కలోకి తీసుకోండి. మీటరున్నర పట్టీ 40 డిగ్రీల తేడాకి దాదాపు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది, స్టీలు బంపర్ అందులో సగమే. రబ్బరు దీనికి ఎన్నో రెట్లు. వేసవి మధ్యాహ్నం ఎండలో కొలిచి కోస్తే జనవరిలో ఎలాగూ పొట్టిదవుతుంది. గ్యారేజీలో, నీడలో కోయండి.

ఎడిసన్ గ్యారేజీ:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. బంపర్ విప్పలేదు, రెండో దారే పట్టాను. చెక్క చెక్కడానికి ఒక శనివారం, వంచడానికి ఇంకోటి. కుడి మూల ఖాళీ ఇప్పుడు ఒక మిల్లీమీటరుకి తక్కువే, తెల్ల గీతలు పడలేదు. మామూలు నట్లు పెట్టాక ఒక్క బోల్టు తప్ప ఏదీ తిరగలేదు, దానికి హ్యాక్సా గాడి పనిచేసింది. పాత రబ్బరు పొట్టిదైపోయింది కాబట్టి బీడింగ్ ఒక్కటే మళ్లీ కొన్నాను. ఈసారి మా అమ్మాయి తాడు లాగింది, నేను వెనక్కి నెట్టాను. గురువారం కోశాను, ఇవాల్టికి పది రోజులు, కదల్లేదు.

బాబాయ్ గారూ, ఆ పుట్టీ మూల మాత్రం అలాగే ఉంది. చలికాలం బండి ఎలాగూ బయటికి తీయను. అప్పుడు దింపుతాను, ఇసుక సంచి ఎంత బరువుండాలో మళ్లీ అడుగుతాను.