యూరోపియన్ నమూనా రైలు పెట్టెను ఐసీఎఫ్ స్లీపరుగా మార్చి నీలం రంగులు వేయడం ఎలా?

కృష్ణలంక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1:87 నిష్పత్తిలో, అంటే హెచ్‌ఓ స్కేలులో, జర్మన్ రైల్వే వారి పాత ఎక్స్‌ప్రెస్ పెట్టె నమూనా ఒకటి ఉన్నది. దానిని 1990ల చివరి నాటి దక్షిణ మధ్య రైల్వే ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) స్లీపరు పెట్టెగా, అంటే ఒళ్లంతా ముదురు నీలం, కిటికీల వరుస పొడవునా లేత నీలం పట్టీ ఉండే పెట్టెగా మార్చాలని అనుకుంటున్నాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఆ రోజుల్లో ప్రయాణించినవారు చూడగానే గుర్తుపట్టేటట్లు ఉంటే చాలునన్నది నా కోరిక.

నమూనా పొడవు బఫర్ల (పెట్టె కొసన ఉండే తాకిడి దిమ్మెల) కొసల మధ్య 264 మి.మీ., వెడల్పు 32.5 మి.మీ. ఉన్నది. దీనిని కోసి మార్చవలసి ఉంటుందా, లేక కేవలం రంగు మార్చితే సరిపోతుందా? పాత రంగును ప్లాస్టిక్ దెబ్బతినకుండా తీయడానికి ఏది వాడాలి? రెండు నీలాలు కలిసే గీత తిన్నగా, మసకబారకుండా రావడానికి మీరు అనుసరించే పద్ధతి ఏమిటి? ఇక్కడ వానాకాలం మొదలైంది, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నది. అందువల్ల ఆగవలసి వస్తే ఆగడానికి నేను సిద్ధమే.

ష్టుట్‌గార్ట్ తెలుగు

మీరు చెప్పిన కొలత చూస్తే, మీ చేతిలో ఉన్నది 26.4 మీటర్ల యూఐసీ-ఎక్స్ రకం (జర్మన్ ఎక్స్‌ప్రెస్ రైళ్ల పాత రకం) పెట్టెను పొడవులో మాత్రం 1:100కు కుదించి చేసిన నమూనా అని అర్థమవుతున్నది. నిజమైన 1:87 ప్రకారం అయితే అది 303 మి.మీ. ఉండాలి. ఇళ్లలో వేసుకునే పట్టాల వంపులు ఇరుకుగా ఉంటాయి కనుక రోకో, ఫ్లైష్‌మన్ వంటి సంస్థలు ఒకప్పుడు ఇలా పొడవు తగ్గించి చేసేవి. జర్మన్ పెట్టెగా అది లోపమే అయినా మీకు అదే కలిసివచ్చింది. ఐసీఎఫ్ పెట్టె బఫర్లతో కలిపి 22,297 మి.మీ., అంటే మన స్కేలులో 256 మి.మీ. కాబట్టి మీ నమూనా కేవలం 8 మి.మీ. ఎక్కువ ఉన్నది. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల కోసం రెండు కొసలనూ కోయడం నా దృష్టిలో అనవసరం.

అసలు చిక్కు బోగీల (పెట్టె కింద చక్రాలు బిగించిన చట్రాల) దగ్గర ఉన్నది. జర్మన్ పెట్టెలో రెండు బోగీల కేంద్రాల మధ్య దూరం 19 మీటర్లు, కుదించిన నమూనాలో అది సుమారు 190 మి.మీ. అవుతుంది. ఐసీఎఫ్‌లో ఆ దూరం 14,783 మి.మీ., అంటే నమూనాకు 170 మి.మీ. కనుక ఒక్కొక్క బోగీని సుమారు 10 మి.మీ. లోపలికి జరపాలి. ఈ పని చేయకపోతే ఎంత చక్కగా రంగు వేసినా పెట్టె పక్కనుంచి చూసినప్పుడు జర్మన్ పెట్టెలాగే కనిపిస్తుంది, ఎందుకంటే బోగీ దాటి ముందుకు చొచ్చుకు వచ్చే ఆ పొడవైన కొస ఐసీఎఫ్ రూపానికి ప్రాణం. నేలపలకలో కొత్త రంధ్రం వేసే ముందు లోపలివైపు 2 మి.మీ. స్టైరిన్ (నమూనాలకు వాడే ప్లాస్టిక్) ముక్కను అతికించి బలపరచండి.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. మీ నమూనాలో కొక్కెం బోగీకే బిగించి ఉంటే, బోగీని లోపలికి జరపగానే కొక్కెం కూడా లోపలికి పోయి పక్క పెట్టెను అందుకోలేదు. కాబట్టి దానిని బోగీ నుంచి విడదీసి నేలపలకకు బిగించాలి. అప్పుడు ఇరుకు వంపుల్లో కొక్కెం పక్కకు లాగుతుంది కనుక 457 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వంపుల మీద ఈ పెట్టె సుఖంగా నడవదు. పెట్టె పొడవుకు కనీసం రెండున్నర రెట్లు, వీలైతే మూడు రెట్లు వ్యాసార్ధం ఉంచడం మంచిది.

ఒకవేళ ఇంకొక పెట్టె కొనదలిస్తే మూడు పట్టాల పద్ధతికి చేసిన మెర్క్లిన్ పెట్టెల చక్రాలను గమనించండి. రెండు చక్రాల మధ్య విద్యుత్ ప్రవహించకుండా ఆపే ఏర్పాటు వాటి ఇరుసులకు ఉండదు కనుక మన రెండు పట్టాల మీద పెట్టగానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. వాటికి చక్రాలు మార్చవలసిందే.

లాలాగూడ

పై వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను గాని కొసలను కోయనక్కరలేదన్న మాట దగ్గర నాది వేరే అభిప్రాయం. ఒంటరిగా నిలబెట్టినప్పుడు 8 మి.మీ. తెలియదు. కాని రేపు ఇదే రైలుకు సరైన కొలతతో చేసిన ఎస్ఎల్ఆర్ (సామాను, గార్డు గదులు ఉండే) పెట్టెనో, జనరల్ పెట్టెనో తగిలించినప్పుడు తేడా కంటికి కనబడుతుంది. పైగా జర్మన్ పెట్టె కొసలు తలుపుల దగ్గర లోపలికి వాలి ఉంటాయి, ఐసీఎఫ్‌లో ఆ వాలు లేదు. కొసలను ఎలాగూ కొత్తగా కట్టవలసి ఉన్నప్పుడు, ఒక్కొక్క వైపు 4 మి.మీ. తగ్గించి కట్టడం అదనపు శ్రమ కాదు.

రంగు మాత్రమే మార్చితే సరిపోతుందా అన్న మీ ప్రశ్నకు నా జవాబు, సరిపోదు. జర్మన్ పెట్టె కిటికీలు వెడల్పాటివి, తక్కువ. మన స్లీపరు కిటికీలు చిన్నవి, ఎక్కువ, వాటికి అడ్డంగా ఊచలు ఉంటాయి. స్లీపరు పెట్టెను మనం దూరం నుంచి గుర్తుపట్టేది ఆ ఊచల కిటికీల వరుసను బట్టే. అందుచేత పాత పక్కగోడలను అలాగే ఉంచి, వాటి మీద కొత్త గోడలు అతికించే మార్గం సూచిస్తాను. దీనివల్ల వెడల్పు సమస్య కూడా తీరుతుంది. ఐసీఎఫ్ వెడల్పు 3,245 మి.మీ., అంటే స్కేలులో 37.3 మి.మీ. మీ పెట్టెకు ఒక్కొక్క వైపు 2.4 మి.మీ. పెంచాలి. లోపల 1.4 మి.మీ. మందానికి పట్టీలు అతికించి, వాటి మీద 1 మి.మీ. గోడను నిలపండి. ఆ 1 మి.మీ. గోడను కూడా అర మిల్లీమీటరు షీట్లు రెండు కలిపి చేయండి. బయటి షీటులో కిటికీని పూర్తి కొలతకు, లోపలి షీటులో కొద్దిగా చిన్నదిగా కోస్తే కిటికీ చట్రం దానంతట అదే ఏర్పడుతుంది. కిటికీ మూలలు గుండ్రంగా రావాలంటే ముందు నాలుగు మూలల్లో సన్నని డ్రిల్లుతో రంధ్రాలు వేసి, తరువాతనే బ్లేడుతో వాటిని కలపాలి. కొత్త కిటికీల వెనుక అడ్డువచ్చే పాత గోడ భాగాలను అతికించక ముందే తొలగించండి.

వెడల్పు విషయంలో కొందరు 35 మి.మీ. దగ్గర ఆగుతారు. మన బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ., అంటే నమూనాలో 19.3 మి.మీ. ఉండవలసింది, మనం నడిపేది మాత్రం 16.5 మి.మీ. పట్టాల మీద. అసలు రైలులో పెట్టె వెడల్పు పట్టాల ఎడానికి 1.94 రెట్లు ఉంటే, పూర్తి వెడల్పుతో చేసిన నమూనాలో 2.26 రెట్లు అవుతుంది, ఎదురుగా చూసినప్పుడు పెట్టె సన్నని కాళ్ల మీద నిలబడినట్లు కనిపిస్తుంది. వారి వాదనలో న్యాయం ఉన్నది. అయినా రైలును మనం పక్కనుంచి, పైనుంచి చూస్తాం గాని పట్టాల మధ్య నిలబడి చూడం. ఇంజను కూడా పూర్తి కొలతతో ఉంటే పెట్టె దానికంటె సన్నగా ఉండటం మరింత వెలితిగా తోస్తుంది. నేనైతే 37.3 మి.మీ.కే మొగ్గుతాను. ప్లాట్‌ఫారం అంచులు యూరోపియన్ పెట్టెల కొలతకు కట్టి ఉంటే మాత్రం ముందుగా అట్టముక్కను ఆ వెడల్పుకు కోసి, బోగీలకు కట్టి, వంపుల మీద తోసి చూసుకోండి.

గోడలు వెడల్పైతే పైకప్పు కూడా వెడల్పు కావాలి. పైకప్పును పొడవునా నడిమికి కోసి, మధ్యలో 4.8 మి.మీ. పట్టీ చేర్చడం మంచిది. అలా చేస్తే గోడకు ఆనుకునే వంపు రెండు వైపులా చెక్కుచెదరదు, నడుమ ఏర్పడే చదునును పుట్టీతోను 400 నంబరు ఎమరీ కాగితంతోను సరిచేయవచ్చు. తరువాత వెంటిలేటర్లను రెండు వరుసలుగా పెట్టండి.

ఊచలకు 0.2 మి.మీ. ఇత్తడి తీగ వాడండి. 0.3 మి.మీ. తీగ సులువుగా దొరుకుతుంది గాని అది జైలు ఊచలంత లావుగా కనిపిస్తుంది. అత్యవసర కిటికీకి ఊచలు ఉండవని, దాని చట్రానికి ఎరుపు ఉంటుందని మరచిపోకండి. షట్టర్లు పైకి లేచేవి కనుక కొన్ని కిటికీలను పూర్తిగా తెరిచి, కొన్నింటిని సగం దించి చూపితే వేసవి నాటి స్లీపరు కళ వస్తుంది.

మద్దిలపాలెం

రంగు సంగతి నేను చెబుతాను. పాత రంగు తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడండి. భాగాలను అందులో నానబెట్టి మెత్తని పళ్ల బ్రష్షుతో రుద్దితే చాలా కర్మాగారపు రంగులు ఊడి వస్తాయి. ముందుగా నేలపలక అడుగున ఒక చిన్న చోట పరీక్షించాలి. సామాన్య థిన్నరును, అసిటోనును దగ్గరికి కూడా రానివ్వకండి, అవి స్టైరిన్‌ను కరిగిస్తాయి. ఆల్కహాలు త్వరగా మండుతుంది కనుక వంటింట్లో ఈ పని పెట్టుకోవద్దు. ఆ తరువాత గిన్నెలు తోమే ద్రవంతో కడిగి, పూర్తిగా ఆరాక వేళ్లు తగలకుండా పట్టుకోవాలి.

బూడిద ప్రైమర్ పల్చగా వేయండి. అతుకుల్లో, పుట్టీలో ఉన్న దోషాలన్నీ ప్రైమర్ మీదనే బయటపడతాయి. వాటిని సరిచేసి మళ్లీ ప్రైమర్ వేసేవరకు నీలం డబ్బా మూత తీయకండి. ముందు లేత రంగు, తరువాత ముదురు రంగు అన్నది నియమం. కిటికీల పట్టీ ప్రాంతమంతటా, పైనా కిందా కొంత ఎక్కువగా, లేత నీలం వేసి కనీసం ఒక రోజు ఆరనివ్వండి, ఎనామెల్ అయితే ఇంకా ఎక్కువ కాలం కావాలి.

గీత కోసం కొలతను గోడ మీద పెన్సిలుతో గీయవద్దు. గాజుపలక మీద పెట్టెను నిలబెట్టి, సరైన ఎత్తు ఉన్న చెక్కముక్క మీద పదునైన పెన్సిలు బిగించి, ఆ చెక్కను గాజు మీద జరుపుతూ ప్రైమర్ దశలోనే రెండు కొసల్లో చిన్న గుర్తులు పెట్టండి. అదే చెక్కముక్కను దాచుకుంటే రైలులోని పెట్టెలన్నింటికీ పట్టీ ఒకే ఎత్తున వస్తుంది. ఒక పెట్టె పట్టీ పక్కదానికంటె అర మిల్లీమీటరు ఎత్తుగా ఉన్నా రైలంతా చెడిపోయినట్లు కనిపిస్తుంది, కాబట్టి ఈ ఒక్క చోట ఎంత ఓపిక పట్టినా వృథా కాదు. మాస్కింగ్ టేపు చుట్ట అంచుకు దుమ్ము పట్టి ఉంటుంది. అందువల్ల టేపును గాజు మీద అతికించి, ఉక్కు స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో అంచు కోసి వాడండి. అతికించాక గోరుతో గాని చెక్క పుల్లతో గాని అంచును గట్టిగా నొక్కి, ఆ అంచు మీద మళ్లీ అదే లేత నీలాన్ని పల్చగా కొట్టండి. టేపు కింద సందులుంటే వాటిలోకి పోయేది లేత నీలమే కనుక గీత చెదరదు. తరువాత ముదురు నీలాన్ని పల్చని పొరలుగా వేయండి. ఎయిర్‌బ్రష్ అయితే 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడి, 10 నుంచి 15 సెం.మీ. దూరం సరిపోతుంది. స్ప్రే డబ్బా అయితే పెట్టెకు అవతల మొదలుపెట్టి పెట్టెకు అవతలనే ఆపాలి. రంగు చేతికి అంటకుండా అయిన వెంటనే టేపును దాని మీదికే మడిచి, నెమ్మదిగా లాగండి.

నీలం ఛాయను అసలు పెట్టె నుంచి యథాతథంగా తీసుకోవద్దు. ఇంటి దీపాల వెలుగులో చిన్న వస్తువు మీద అదే రంగు మరింత నల్లగా కనిపిస్తుంది, కొద్దిగా తెలుపు కలిపితే కంటికి సరైనదిగా తోస్తుంది.

తేమ గురించి మీరు జంకడం సబబే. లాకర్ రంగుల్లోని ద్రావకం త్వరగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరచినప్పుడు గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లని పొగమంచు పొరలా నిలిచిపోతుంది. విశాఖలో ఇది మాకు ఏటా ఎదురయ్యేదే. నెమ్మదిగా ఆరే థిన్నరు కలిపితే కొంత తగ్గుతుంది. వాన వెలిసి ఎండ కాసిన పగటిపూట వేయడం ఇంకా మంచిది.

కృష్ణలంక

ముగ్గురికీ కృతజ్ఞతలు. పక్కగోడలు కొత్తగా కట్టి, వెడల్పు 37.3 మి.మీ.కు పెంచి, కొసలను కూడా తగ్గించాలని నిర్ణయించుకున్నాను. వానలు తగ్గేవరకు కోత, అతుకుల పని చేసుకుంటాను. అక్షరాల సంగతి ఒక్కటి మిగిలింది. ముదురు నీలం మీద లేత రంగు అక్షరాలు ఇంటి ప్రింటరుతో రావు కదా? పెట్టెకు ఏ నంబరు వేస్తే సబబుగా ఉంటుంది? బరువు ఎంత ఉండాలి?

లాలాగూడ

నంబరుకు ఆ రోజుల్లో ఒక క్రమం ఉండేది. మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం, తరువాతి మూడు అంకెలు పెట్టె రకాన్ని తెలిపేవి. స్లీపర్లకు 201 నుంచి 400 వరకు కేటాయించారు. కనుక 1997లో తయారైన స్లీపరుకు 97 తరువాత ఆ పరిధిలోని ఏ సంఖ్య అయినా వేయవచ్చు. రకం సంకేతం డబ్ల్యూజీఎస్‌సీఎన్ అని ఉండాలి. తెలుపు సిరా లేని ప్రింటరుతో పారదర్శక డెకాల్ (అచ్చువేసి పెట్టెకు అంటించే పలుచని పొర) కాగితం మీద అచ్చువేస్తే అక్షరాలు నీలంలో కలిసిపోతాయి. తెలుపు నేల మీద అక్షరాలు వదిలి చుట్టూ నీలం అచ్చువేసే ఉపాయం ఉన్నది గాని ఆ నీలం మీరు వేసిన నీలంతో కలవడం కష్టం. తెలుపు సిరాతో స్క్రీన్ ప్రింటింగ్ చేసేవారి చేత ఒకేసారి రైలంతటికీ సరిపడా వేయించుకోవడమే నయం.

బరువుకు అమెరికా నమూనా రైల్వే సంఘం ఎన్ఎంఆర్ఏ సూచించిన లెక్క ఉన్నది. హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, దాని మీద ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు. ఐసీఎఫ్ పెట్టె ఒళ్లు నమూనాలో 245 మి.మీ. కనుక సుమారు 165 గ్రాములు రావాలి. తూకం ముక్కలను నేలపలక మీదనే, రెండు బోగీల మధ్య సమంగా అతికించండి.

మద్దిలపాలెం

డెకాల్ వేసే ముందు నిగనిగలాడే వార్నిష్ పొర తప్పనిసరి. మెరుపు లేని గరుకు రంగు మీద నేరుగా వేస్తే కింద గాలి చిక్కుకొని అక్షరాల చుట్టూ వెండి పొరలా మెరుస్తుంది. డెకాల్ ఆరాక మాట్ వార్నిష్‌తో మెరుపు తగ్గించండి. కిటికీ అద్దాలు, ఊచలు ఆ వార్నిష్ పూర్తయ్యాకనే పెట్టాలి, ముందే పెడితే అద్దాలు మసకబారుతాయి. ఊచలకు విడిగా రంగు వేసి ఆరనిచ్చి, లోపలివైపు నుంచి బిగించండి. అత్యవసర కిటికీ ఎరుపు చట్రాన్ని సన్నని బ్రష్షుతో అద్దాలు, ఊచలు పెట్టక ముందే దిద్దుకుంటే చేయి ఆడుతుంది.