సంగీత పత్రిక డమ్మీ చేశాం, చూసినవాళ్లు నాలుగు పేజీలు తిప్పి ఇచ్చేస్తున్నారు. ఏం మార్చాలి?

కృష్ణలంక శ్రుతి:
అందరికీ నమస్కారం. విజయవాడలో మేం నలుగురం స్నేహితులం కలిసి మూడు నెలలకోసారి సంగీత పత్రిక తేవాలని 32 పేజీల డమ్మీ, అంటే నమూనా కాపీ, వేయించాం. రాగాల మీద వ్యాసాలు, స్వరలిపితో (సరిగమలు రాసి) ఒక కీర్తన, సినిమా పాటలు, జానపదం, కీబోర్డ్ పాఠాలు అన్నీ పెట్టాం. మొత్తం ఆర్ట్ పేపర్, అన్ని పేజీలూ రంగుల్లోనే. కవర్ మీద వీణ, గిటార్, మృదంగం, వెనకాల ప్రకాశం బ్యారేజీ. ఎవరి కోసం అంటే పాటంటే ఇష్టం ఉన్న అందరి కోసం అనుకున్నాం. పోయిన వారం సంగీతం నేర్చుకునే పిల్లలకీ వాళ్ల అమ్మానాన్నలకీ, ఓ పదిహేను మందికి చూపించాం. బాగుంది అన్నారు, తిరిగి చేతిలో పెట్టేశారు. ఇంటికి తీసుకెళ్లనా అని ఒక్కరూ అడగలేదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, డబ్బు కూడా కొంత పోయింది. కవర్, లోపలి రెండు పేజీల ఫొటోలు పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

బ్రాడీపేట గాత్రం:
బాబూ, నేను గుంటూరులో పిల్లలకు గాత్రం చెబుతాను. మీ ఫొటోలు పెద్దవి చేసి చూశాను. మా ఇంట్లో క్లాసు ఎలా ఉంటుందో చెబుతాను, దాన్నిబట్టి మీరే చూసుకోండి. పిల్లలు చాప మీద కూర్చుంటారు, పుస్తకం మోకాళ్ల ముందు నేల మీద ఉంటుంది, కుడిచెయ్యి తొడ మీద తాళం వేస్తూ ఉంటుంది కాబట్టి పుస్తకం పట్టుకునే వీలుండదు. పేజీ మూసుకుపోతుంటే దాని మీద శ్రుతిపెట్టెనో ఫోన్‌నో బరువు పెడతారు. ఇంకొకటి, నా దగ్గర నేర్చుకునే ప్రతి పిల్లా పెన్సిల్‌తో రాసుకుంటుంది, ఇక్కడ ఊపిరి తీసుకోవాలి, ఇక్కడ గమకం (స్వరాన్ని ఊపడం) అని. మీ మెరిసే కాగితం మీద పెన్సిల్ పడదు, పైగా ట్యూబ్‌లైట్ వెలుగు తగిలి సగం లైను కనిపించదు.

స్వరలిపి చూస్తే నాకు కష్టం అనిపించింది. ఆది తాళం అంటే ఎనిమిది అక్షరాలు (తాళం లెక్కలు), మొదటి భాగం లఘువుకి నాలుగు, తర్వాతి రెండు ద్రుతాలకి రెండేసి. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఒక లైనులో సరిపోవాలి. మీది మొదటి ద్రుతం మధ్యలో విరిగి కింది లైనులోకి పోయింది, తాళం వేస్తూ చదివే పిల్ల అక్కడే ఆగిపోతుంది. పై స్వరాలకి పెట్టే తారస్థాయి చుక్కలు రి మీద, ని మీద గుడిలో కలిసిపోయాయి. పల్లవి ఒక పేజీలో వేసి చరణం దాని వెనక వేశారు, పాడుతూ పాడుతూ పేజీ ఎవరు తిప్పుతారు? ఎదురెదురు పేజీల్లో ఉండాలి. ఇవన్నీ చూశాక మీరు పత్రిక చేసేటప్పుడు నేర్చుకునే పిల్ల ఒక్కతీ మీ కళ్ల ముందు లేదేమో అనిపించింది.

గవర్నర్‌పేట డీటీపీ:
తమ్ముడూ, మేడమ్ గారు చెప్పిన ఆ పిల్లనే ఎదురుగా పెట్టుకో, ఖర్చు కూడా తగ్గుతుంది. లోపల 80 జీఎస్ఎం మ్యాప్‌లిథో, అదే మెరుపు లేని మామూలు కాగితం, ఒక్క నలుపు చాలు, పెన్సిల్ హాయిగా పడుతుంది. రంగుల డబ్బంతా కవర్ మీద పెట్టు. మధ్యలో పిన్ను కొట్టించు, పుస్తకం పరుచుకుంటుంది, జిగురు బైండింగ్ జోలికి పోకు. మధ్య పిన్ను కాబట్టి పేజీలు నాలుగేసి చొప్పున పెరగాలి, 32కి ఇబ్బంది లేదు. 16, 17 పేజీలు ఒకే కాగితం మీద ఎదురెదురుగా వస్తాయి, పెద్ద కృతి ఏదైనా అక్కడ వెయ్యి.

చుక్కల సంగతికి ఒక ఉపాయం ఉంది. స్వరలిపిని మామూలు టెక్స్ట్‌లా కొట్టొద్దు, టేబుల్ వేసి తాళం అక్షరానికో గడి ఇవ్వు, పైన కింద సన్నటి వరసలు పెట్టి చుక్కలు వాటిలో వెయ్యి, గుడితో గొడవే ఉండదు. లైను కూడా విరగదు. పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు విడిపోతాయి, అది ముందే చూసుకో. ఫాంట్ అయితే ‘మండలి’ బాగుంటుంది, శీర్షికలకి రామభద్ర, రెండూ ఉచితమే. అక్షరం 12 పాయింట్లు పెడితే లైన్ల మధ్య 18 ఇవ్వు, మనకి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కదా, ఇంగ్లీష్ లెక్క పనికిరాదు.

రిజిస్ట్రేషన్ కూడా మర్చిపోకు. 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం నడుస్తోంది, టైటిల్ కోసం ప్రెస్ సేవా పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. సినిమా పాటలు మాత్రం తీసెయ్, రాసినాయన పోయాక కూడా 60 ఏళ్లు సాహిత్యానికి హక్కులుంటాయి, అనుమతి లేకుండా వెయ్యకూడదు.

వర్ణం దాకా వచ్చా:
అన్నయ్యా, నాకు 17, రెండేళ్లుగా నేర్చుకుంటున్నాను. మీ కవర్ చూడగానే ఏదో ఫంక్షన్ బ్రోచర్ అనుకున్నాను, నా కోసం అనిపించలేదు. వీణ, గిటార్ బొమ్మలు ఎక్కడైనా ఉంటాయి. నాలాంటి అమ్మాయి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న ఫొటో ఉంటే ఆగి చూసేదాన్ని.

సినిమా పాటలు పూర్తిగా తీసెయ్యమంటే మాత్రం నేను ఒప్పుకోను. మోహనం నేర్చుకున్న వారమే ఆ రాగంలో ఏ సినిమా పాటలున్నాయా అని వెతుక్కుని ఇంట్లో అందరికీ వినిపించాను. సాహిత్యం వెయ్యొద్దు, పాట పేరు చెప్పి రాగం ఎక్కడ తెలుస్తుందో రెండు ముక్కలు రాయండి చాలు. స్వరలిపి పక్కన క్యూఆర్ కోడ్ కూడా పెట్టండి, నిదానంగా పాడిన ఆడియో కావాలి, కచేరీ స్పీడ్‌లో అయితే మాకు అందదు.

కృష్ణలంక శ్రుతి:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. మొదట్లో నేర్పే గీతాలు అయిపోయి, వాటికన్నా కష్టమైన వర్ణాలు మొదలుపెట్టిన పిల్లల కోసమే అని తేల్చేశాం. కీబోర్డ్ పాఠాలు రాసిన మావాడు బాధపడ్డాడు, అయినా తీసేశాం. సినిమా పాటలకి ఒక్క పేజీ, చెల్లి చెప్పినట్టే, సాహిత్యం లేకుండా. టేబుల్‌తో ఒక వర్ణం వేసి చూశాను, చుక్కలు శుభ్రంగా వచ్చాయి. మేడమ్, కొత్త డమ్మీ మామూలు కాగితం మీద తీసి తెస్తే మీ క్లాసులో ఒకసారి వాడి చూస్తారా?

బ్రాడీపేట గాత్రం:
తప్పకుండా తీసుకురండి. బుధవారం సాయంత్రం ఐదింటికి వర్ణాల పిల్లలు ఆరుగురు వస్తారు. ఏమీ చెప్పకుండా చాప మీద వాళ్ల ముందు పెడదాం, పెన్సిళ్లు నేనిస్తాను.