వానాకాలం జలుబులు: కషాయం, మాత్రలు ఇన్ని వాడుతున్నాం, రోజువారీగా అసలు ఏం చేయాలి?

గోదావరి_గట్టు:

ఇంట్లో నలుగురం. మావారికి 38, నాకు 35, పాపకు 4 ఏళ్ళు, మావయ్యగారికి 67. ఆయనకు షుగర్ ఉంది, మాత్రలు వాడతారు. మాంసం తినం, గుడ్డు తింటాం. ఇమ్యూనిటీ కోసమని ఏడాదిగా ఇవి నడుస్తున్నాయి:

పరగడుపున కషాయం: తులసి, మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క, తిప్పతీగ, కొంచెం బెల్లం. పెద్దవాళ్ళం ముగ్గురం రోజూ 50 మి.గ్రా. జింకు మాత్ర, 500 మి.గ్రా. విటమిన్ సి. వారానికొకటి 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్. ఇవేవీ పాపకు ఇవ్వడం లేదు.

అయినా పాపకు ఏడాదిలో ఏడుసార్లు జలుబు చేసింది, మాకూ అంటుకుంది. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి మానాలి? తిండిలో ఏం మార్చాలి? పాపకు రోగనిరోధక శక్తి తక్కువా?

మందుల_బీరువా:

మొదట జింకు మానండి. పెద్దవాళ్ళకు తిండితో కలిపి రోజుకు కావలసిందే మగవాళ్ళకు 17, ఆడవాళ్ళకు 13 మి.గ్రా. దాకా. 40 మి.గ్రా. దాటి నెలల తరబడి వేసుకుంటే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. జింకు ఎక్కువైనప్పుడు పేగు కణాల్లో ఒక ప్రొటీన్ పెరుగుతుంది. అది రాగిని గట్టిగా పట్టుకుంటుంది, ఆ కణాలు రాలినప్పుడు రాగి కూడా మలంలో పోతుంది. రాగి తగ్గితే రక్తహీనత వస్తుంది, తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ పడిపోతాయి. అంటే దేన్ని పెంచుకుందామని మాత్ర వేసుకున్నారో దానికే ఎసరు. ముగ్గురూ ఒకసారి రక్తకణాలను లెక్కించే సీబీసీ పరీక్ష చేయించుకోండి. అందులో తేడా కనిపిస్తే రక్తంలో రాగి పరీక్ష సంగతి డాక్టర్‌ని అడగండి.

డి సాచెట్ లోపం ఉన్నవాళ్ళకు మామూలుగా వారానికొకటి చొప్పున 8 వారాలు ఇస్తారు. ఆ తర్వాత నెలకొకటో, రోజూ చిన్న డోసో. పరీక్ష లేకుండా ఏడాదిపాటు వారంవారం వేసుకోవడం తప్పు. ఇది కొవ్వులో నిల్వ ఉండే విటమిన్, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వికారం, మలబద్ధకం, అతిదాహం, మాటిమాటికీ మూత్రం, ఇవీ లక్షణాలు. మీ మావయ్యగారి విషయంలో ఇంకో చిక్కు: దాహం, మూత్రం చూసి షుగర్ పెరిగిందనుకుని అసలు కారణం వదిలేస్తారు. రక్తంలో విటమిన్ డి (25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష), కాల్షియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించి, ఆ తర్వాతే ఇంకో సాచెట్ ముట్టుకోండి.

విటమిన్ సి వల్ల అంత ప్రమాదం లేదు గానీ డబ్బు దండగ. రోజూ 200 మి.గ్రా. పైగా తీసుకున్నవాళ్ళ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మామూలు జనానికి జలుబులు తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దవాళ్ళలో 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా తగ్గింది. వారం జలుబులో 8 శాతమంటే అర రోజు. జలుబు వచ్చాక మొదలుపెడితే అదీ తేలలేదు. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చిన చరిత్ర ఉంటే అసలు వద్దు. ఒక జామకాయ తినండి, 100 గ్రాముల్లో 200 మి.గ్రా. దాకా ఉంటుంది.

కషాయం విషయానికొస్తే, 2020లో ఆయుష్ శాఖ చెప్పిన పాళ్ళు తులసి 4, దాల్చినచెక్క 2, శొంఠి 2, మిరియాలు 1. ఆ పొడి 3 గ్రాములు 150 మి.లీ. నీళ్ళకు. ఇళ్ళల్లో జరిగేది వేరు: గుప్పెడు మిరియాలు దంచి, సగానికి మరిగించి, పరగడుపున తాగడం. గొంతు గరగర తగ్గినట్టుంటుంది, నెల తిరిగేసరికి కడుపులో మంట, నోట్లో పుళ్ళు. గొంతు నొప్పి ఉన్న రోజున, ఏదైనా తిన్నాక, పల్చగా తాగండి, చాలు. జలుబు రాకుండా అది ఆపదు. మావయ్యగారి గ్లాసులో బెల్లం వద్దు.

తిప్పతీగ మాత్రం పూర్తిగా తీసేయండి. 2021లో ముంబయి నుంచి, ఆ తర్వాత ఇతర చోట్ల నుంచీ కాలేయం దెబ్బతిన్న కేసులు కాలేయ వైద్యులు ప్రచురించారు. అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన వేరే తీగ కావచ్చని ఆయుష్ శాఖ అంది. ఆ వాదన నిజమే అనుకున్నా, బజారులో కట్ట కొనేవాళ్ళం రెంటినీ ఎలా పోల్చుకుంటాం? పైగా అది షుగర్‌ను కూడా తగ్గించగలదు. మాత్రలు వేసుకునే మనిషికి రెండూ కలిసి షుగర్ మరీ పడిపోవచ్చు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే కాలేయ పరీక్ష చేయించండి.

పాతూరి_చెరువు:

మన పెద్దవాళ్ళు వందల ఏళ్ళుగా తిప్పతీగ వాడారు కదండీ, వాళ్ళకేం కాలేదే?

మందుల_బీరువా:

వాళ్ళు జ్వరం వచ్చినప్పుడు నాలుగు రోజులు వాడి ఆపేవారు. ఏడాదంతా, మూడు మాత్రలతో కలిపి కాదు. కాలేయం దెబ్బతిన్న ఆ కేసుల్లో కొందరికి లోపల ఆటోఇమ్యూన్ జబ్బు ఉంది. రోగనిరోధక వ్యవస్థ తన ఒంటి మీదే తిరగబడితే వచ్చేవే హషిమోటో థైరాయిడ్, రుమటాయిడ్ కీళ్ళవాతం. ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అని సీసా మీద రాసినవాడు ఈ మాట రాయడు.

పప్పు_నెయ్యి:

తిండి సంగతి నేను చెప్తాను. యాంటీబాడీలు ప్రొటీన్లే. మన వంటల్లో తరచుగా తక్కువయ్యేదీ అదే. కిలో బరువుకు 0.83 గ్రాములు లెక్క, 60 కిలోల మనిషికి 50 గ్రాములు. గరిటెడు పల్చటి పప్పుచారులో కందిపప్పు 10 గ్రాములు ఉంటే గొప్ప, అంటే 2 గ్రాముల ప్రొటీన్. ఇక ఒక మనిషికి రోజు లెక్క చూడండి: బియ్యం 250 గ్రాములకు 20, కందిపప్పు 60 గ్రాములకు 13, పెరుగు 300 గ్రాములకు 9, ఒక గుడ్డుకు 6, వేరుశనగలు 20 గ్రాములకు 5. మొత్తం 53. అన్నీ వండకముందు తూకాలు.

కాబట్టి మీ నలుగురికీ కలిపి రోజుకు 200 గ్రాముల పప్పు పొయ్యెక్కాలి. వంటింట్లో త్రాసు లేకపోతే కొట్టులో పావుకిలో పొట్లం కట్టించుకుని ఎన్ని రోజులు వస్తుందో చూడండి. మూడు రోజులు వస్తే మీకు చాలడం లేదన్నమాట. మావయ్యగారికి మూత్రపిండాల సమస్య ఏదైనా ఉంటే ప్రొటీన్ ఎంతన్నది ఆయన డాక్టరే చెప్పాలి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్ళెంలో రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. మన పళ్ళెంలో కూర అన్నంలోకి నంజుకునేంతే ఉంటుంది, అక్కడే తేడా వస్తోంది. పప్పులోకి తోటకూర, గోంగూర, మునగాకు ఏదైనా వేస్తే సగం పని అయిపోతుంది.

రెండు చిన్న సంగతులు. నిమ్మకాయ పొయ్యి మీద ఉడుకుతున్న పప్పులో పిండకండి, వేడికి విటమిన్ సి పోతుంది. వడ్డించాక పిండితే పప్పులోని, ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవగానే టీ తాగితే ఆ ఇనుమును టీలోని టానిన్లు పట్టేస్తాయి. గంట ఆగండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది కాబట్టి ఇది చిన్న మాటేమీ కాదు.

చద్దన్నం గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. మంచి తిండే. కానీ రాత్రికి రాత్రి ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని తిరిగే మెసేజ్ నమ్మకండి. ఇనుము ఎక్కడి నుంచీ పుట్టదు. పులిసినప్పుడు ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ అనే పదార్థం తగ్గి, ఉన్న ఇనుము బాగా ఒంటబడుతుంది, అంతే. అన్నం వండిన గంట రెండు గంటల్లో చల్లార్చి, పూర్తిగా మునిగేలా నీళ్ళు పోసి, చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టండి. అన్నాన్ని అలాగే గిన్నెలో రాత్రంతా వదిలేసి పొద్దున నీళ్ళు పోస్తే అది చద్దన్నం కాదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం తయారవుతుంది, మళ్ళీ వేడి చేసినా పోదు. జిగురు వచ్చినా, పులుపు కాని వాసన వచ్చినా పారబోయండి.

చంటిపిల్లల_వార్డు:

పాప సంగతి. బడికో ప్లేస్కూల్‌కో వెళ్ళే ఆ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. మధ్యలో బాగా తింటూ, ఆడుతూ, బరువు పెరుగుతుంటే రోగనిరోధక శక్తి తక్కువని కాదు, కొత్త వైరస్‌లను పరిచయం చేసుకుంటోందని. ఎప్పుడు అనుమానించాలంటే: ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ చెవి ఇన్‌ఫెక్షన్లు, రెండు నెలలు యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోవడం, బరువు పెరగకపోవడం, చర్మం లోతుగా పదేపదే చీము గడ్డలు, నోట్లో తెల్లపూత పోకపోవడం. వీటిలో ఏవైనా రెండు ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి. జలుబు చేయగానే మందుల షాపులో అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ తెచ్చి పట్టకండి, వైరస్ మీద అది పనిచేయదు.

నిద్ర ముందు చూసుకోండి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 164 మంది ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు, ఫలితాలు 2015లో వచ్చాయి. ఆరు గంటల లోపు పడుకున్నవాళ్ళకు, ఏడు గంటలు దాటి పడుకున్నవాళ్ళకన్నా నాలుగు రెట్లు ఎక్కువగా జలుబు పట్టింది. పాపకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలి. ఇంట్లో రాత్రి పదకొండు దాకా టీవీ మోగుతుంటే అది కుదరదు.

ఇక టీకా. ఐదేళ్ళ లోపు పిల్లలకు ఏటా ఫ్లూ టీకా వేయించమని పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఎగసిపడుతుంది, టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి ఏప్రిల్, మే సరైన సమయం. ఆలస్యమైనా వేయించడం నయం. మావయ్యగారికి ఫ్లూతో పాటు న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా మీద పనిచేసే న్యుమోకాకల్ టీకా కూడా కావాలి. 65 దాటాయి, షుగర్ ఉంది. ఏ రకం, ఎన్ని డోసులు అన్నది ఆయన డాక్టర్‌ని అడగండి. షుగర్ అదుపులో లేకపోతే తెల్ల కణాలు మందగిస్తాయి. ఆయనకు మూడు నెలలకోసారి, సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఏ కషాయం కన్నా ముఖ్యం.

పొగ గురించి ఎవరూ అనలేదు. ఒక దోమల చక్రం కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని కొలిచారు. కిటికీలు మూసి, చక్రం వెలిగించి, పాపను పడుకోబెడితే ముక్కు, ఊపిరితిత్తుల లోపలి పొర రాత్రంతా దెబ్బతింటుంది. వైరస్‌ను ముందు ఆపేది ఆ పొరే. దోమతెర కట్టండి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, బయటిది తేదు. పడుకునే ముందు పది నిమిషాలు కిటికీ తెరవండి.

గోదావరి_గట్టు:

చాలా థాంక్సండీ. మూడు సందేహాలు. పాప చేతులు ఐదు సెకన్ల కన్నా కడుక్కోదు, ఏం చేయాలి? విటమిన్ డి కోసం పొద్దున ఏడింటి లేత ఎండలో కూర్చుంటున్నాం, సరిపోతుందా? జింకు తగ్గించుకుంటూ రావాలా, ఒక్కసారే ఆపొచ్చా?

చంటిపిల్లల_వార్డు:

కుళాయి కట్టేసి, సబ్బు రాశాక, ఏదైనా పద్యమో పాటో ఇరవై సెకన్లు పాడించండి. నీళ్ళు పోతూ ఉంటే నురుగు ముందే కొట్టుకుపోతుంది. బొటనవేళ్ళు, గోళ్ళ కింద, వేళ్ళ మధ్య, ఈ మూడే పిల్లలు వదిలేసేవి. మామూలు సబ్బు చాలు. కడిగాక తడి చేతులు పాత తువ్వాలుకో కొంగుకో తుడిస్తే కడిగినదంతా వృథా, పాపకు విడిగా చిన్న తువ్వాలు పెట్టి రోజూ మార్చండి. బడి నుంచి రాగానే, తినే ముందు, ముక్కు చీదాక, దొడ్డికి వెళ్ళాక, ఈ నాలుగుసార్లు తప్పకూడదు.

మందుల_బీరువా:

లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ అందులో చర్మంలో డి తయారుచేసే యూవీబీ కిరణాలు దాదాపు ఉండవు. మీ నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నప్పుడే డి తయారవుతుంది, అంటే ఇంచుమించు పదకొండు నుంచి రెండు దాకా. చేతులు, కాళ్ళు తగిలేలా పావుగంట నుంచి అరగంట, వారానికి మూడు నాలుగుసార్లు. వేసవిలో ఇంకా తక్కువ చాలు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే రాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

జింకు రేపటి నుంచే ఆపేయండి, తగ్గించుకుంటూ రానక్కర్లేదు. మిగిలిన డి సాచెట్లు, జింకు మాత్రలు పాపకు అందని అరలో పెట్టండి. సాచెట్ పొడి తియ్యగా ఉంటుంది.