ఆయిల్ డ్రిల్లింగ్ ఆపితే పోలార్ బేర్లు బతుకుతాయా? అసలు సమస్య మంచు కదా?

చలిచీమ:
అలాస్కాలో ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ అనే అభయారణ్యంలో ఆయిల్ లీజుల గొడవ గురించి చదువుతుంటే ఒక డౌట్ వచ్చింది. 2008లో అమెరికా పోలార్ బేర్‌ని ముప్పు ఉన్న జీవుల లిస్టులో పెట్టింది ముఖ్యంగా సముద్రం మీద మంచు కరిగిపోతోందని. ఆ మంచు కరిగేది ప్రపంచం మొత్తం తగలబెట్టే బొగ్గు, పెట్రోలు వల్ల అయినప్పుడు ఒక్క తీరంలో డ్రిల్లింగ్ ఆపి ఏం లాభం? వెటకారం కాదండీ, నిజంగానే అడుగుతున్నా.

ఉత్తరగాలి:
రెండిటినీ విడివిడిగా చూడటం దగ్గరే తేడా వస్తోంది. ఆడ ఎలుగు అక్టోబర్, నవంబర్‌లో మంచులో గుహ తవ్వుకుని లోపలికి పోతుంది, డిసెంబర్ జనవరి టైంలో ఈనుతుంది, పుట్టినప్పుడు పిల్ల అరకిలో పైచిలుకు ఉంటుంది అంతే, కళ్ళు తెరవదు, ఒంటి మీద పల్చటి నూగు తప్ప ఏమీ ఉండదు, ఇక మార్చి ఏప్రిల్ దాకా తల్లి ఏమీ తినకుండా పాలిస్తూ లోపలే పడి ఉంటుంది. అలాస్కాకి ఉత్తరాన ఉన్న బ్యూఫోర్ట్ సముద్రం వైపు ఇదివరకు సగానికి పైగా గుహలు తేలే మంచు మీదే ఉండేవి. ఆ మంచు పలచబడి తల్లులు ఒడ్డుకి రావడం ఎక్కువైంది. ఇప్పుడు ఆయిల్ కోసం తవ్వుదామంటున్న 1002 ఏరియా, అంటే ఆ రెఫ్యూజ్‌లోని తీర భాగం, దాదాపు 15 లక్షల ఎకరాలు, సరిగ్గా ఆ ఒడ్డే. అంటే మంచు తరిమితే వచ్చి చేరిన చోటికే ట్రక్కులూ వస్తున్నాయి.

లెక్కలమాస్టారు:
కొంచెం అతి చేస్తున్నారేమో. గుహకి మైలు దూరం పాటించాలనే రూల్ ఉంది, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో ముందే వెతుకుతారు కూడా. సదరన్ బ్యూఫోర్ట్ గుంపు 2001 నుంచి 2010 లోపు దాదాపు 40 శాతం తగ్గి 900 దగ్గరికి వచ్చిందంటే దానికి సైంటిస్టులు ప్రధానంగా చూపించింది మంచునే, రిగ్గుల్ని కాదు. ఇంకోటి, అక్కడ కాక్టోవిక్ ఊరి ఇనుపియాట్ ఆదివాసుల్లో చాలామంది డ్రిల్లింగ్ కావాలనే అంటున్నారు, ఉద్యోగాలు, పన్నుల డబ్బు అవసరం కాబట్టి. దూరంగా కూర్చుని వద్దు అనడం ఈజీ.

ఉత్తరగాలి:
కాక్టోవిక్ మాట ఒప్పుకుంటా మాస్టారూ, కానీ గ్విచిన్ ఆదివాసులు క్యారిబూ (అక్కడి జింకలు) మందల కోసం దశాబ్దాలుగా వద్దంటున్నారు, అక్కడి వాళ్ళంటే ఒకే మాట మీద లేరు. కెమెరాల సంగతికొస్తే, 2020లో వచ్చిన ఒక స్టడీలో నార్త్ స్లోప్‌లో (అలాస్కా ఉత్తర కొసలో) ఆయిల్ కంపెనీల కోసం చేసిన గుహల సర్వేలు ఉన్న గుహల్లో సగం కూడా పట్టుకోలేదని తేలింది. పైన మంచు మందంగా ఉంటే వేడి బయటికి కనపడదు, గాలి వీస్తే ఇంకా కష్టం. గుహ ఉందనే తెలియనప్పుడు మైలు దూరం ఎక్కడి నుంచి కొలుస్తారు? గుంపు 900కి పడిపోయింది కాబట్టి పర్లేదు అనడం నాకు తలకిందులుగా ఉంది, తల్లి మూడేళ్ళకోసారి ఈనుతుంది, మామూలుగా రెండు పిల్లలు, అలాంటి చోట నాలుగు గుహలు చెదిరినా లెక్కే.

మిడతంభొట్లు:
నాదొక చిన్న పాయింట్. 2021 జనవరి వేలంలో పెద్ద కంపెనీలు రాలేదు, ఎక్కువ లీజులు అలాస్కా రాష్ట్ర సంస్థే కొనుక్కుంది. 2025 జనవరిలో మళ్ళీ పెడితే ఒక్క బిడ్డూ రాలేదు 😄 ఇంత గొడవ ఎవరి కోసమో మరి.

చలిచీమ:
థాంక్స్ ఉత్తరగాలి గారూ, గుహల సంగతి నాకు తెలీదు. మరి అంత ఇబ్బందైతే బండ్లతో ఆయిల్ వెతికే పనులు ఎండాకాలం పెట్టుకోవచ్చుగా, తల్లులు అప్పుడు గుహల్లో ఉండవు కదా?

ఉత్తరగాలి:
కుదరదండీ. ఎండాకాలం పైన మట్టి కరిగి టండ్రా అంతా చిత్తడి అయిపోతుంది, బరువైన బండి ఎక్కితే చక్రాల గాడి దశాబ్దాలు పోదు, అందుకే నేల గడ్డకట్టి పైన సరిపడా మంచు పడ్డాకే బండ్లకి పర్మిషన్ ఇస్తారు. ఐస్ రోడ్లు వేసేదీ అప్పుడే. నేల గట్టిపడే నెలలూ, తల్లి గుహలో ఉండే నెలలూ దాదాపు ఒకటే.