1/72 స్పిట్‌ఫైర్: రెక్క దగ్గర సందు, బ్రష్ పెయింటింగ్, ఇంకా కొన్ని సందేహాలు

చిన్నరెక్కలు:
అందరికీ నమస్కారం. స్పిట్‌ఫైర్ మార్క్ 1 అనే బ్రిటిష్ యుద్ధ విమానం 1/72 (అసలు దాంట్లో 72వ వంతు) ప్లాస్టిక్ మోడల్ కిట్ కడుతున్నాను. 1940 బ్రిటన్ యుద్ధం నాటి రంగుల్లో పూర్తి చేయాలని ఉంది. కాక్‌పిట్ పెట్టి బాడీ రెండు సగాలూ అతికించాను. రెక్కలు ఇంకా అతికించలేదు. ఊరికే ఆనించి చూస్తే రెక్క బాడీని కలిసే చోట ఎడమవైపు సన్నగా, కుడివైపు బ్లేడు దూరేంత సందు కనిపిస్తోంది. పుట్టీ పెట్టి రుద్దేయనా, వేరే దారి ఉందా?

ఇంకోటి, నా దగ్గర ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేదు, ఇప్పట్లో కొనే ఉద్దేశమూ లేదు. మామూలు బ్రష్‌తో వేస్తే గీతలు పడకుండా వస్తుందా? మీరంతా పెట్టే ఫొటోలు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది.

ఉప్పుకాగితం:
అతికించకముందే అడిగారు, సంతోషం. పుట్టీని ఆఖరి మందుగా ఉంచుకోండి. ముందు ఆ సందు ఎందుకు వస్తోందో చూడాలి. చాలాసార్లు అసలు కారణం సందు దగ్గర ఉండదు. కాక్‌పిట్ నేల ముక్క కాస్త కిందికి దిగి రెక్కను పైకి రానివ్వకపోవచ్చు. లేదా పై రెక్క లోపలి అంచున స్ప్రూ (కిట్ ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోసినప్పటి మొటిమ మిగిలి ఉండొచ్చు. ఒకవైపే సందు ఎక్కువగా ఉందంటే నాకు ఈ రెండోదే అనుమానం. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఎక్కడ తగులుతోందో చూసి అక్కడ మాత్రమే గీకండి.

అది సరిచేశాక కూడా సందు మిగిలితే రెండు మార్గాలున్నాయి. మొదటిది, బాడీని లోపలి నుంచి కొద్దిగా వెడల్పు చేయడం. స్ప్రూ ముక్క ఒకటి కోసి, రెక్క కూర్చునే ఖాళీలో అడ్డంగా బిగిస్తే గోడలు అటూ ఇటూ జరిగి సందు మూసుకుంటుంది. రెండోది, అతికించే వరస మార్చడం. పై రెక్కలు రెండూ విడి ముక్కలు, కింది రెక్క ఒకే ముక్క అయితే, పై వాటిని ముందు బాడీకి ఆనించి అతికించండి, కింది ముక్కను తర్వాత పెట్టండి. సందు అంటూ మిగిలితే అడుగున మిగులుతుంది, అక్కడ ఎవరూ చూడరు.

అతికించాక ఒక రెక్క కొన నుంచి రెండో కొన దాకా పైనుంచి మాస్కింగ్ టేప్ లాగి కట్టి ఆరనివ్వండి. సందు బిగుస్తుంది, రెక్కలకు ఉండాల్సిన పైవంపు కూడా వస్తుంది. స్పిట్‌ఫైర్‌కి అది దాదాపు 6 డిగ్రీలు. టేప్ మరీ బిగించి అంతకు మించి లేపేయకండి. ఎదురుగా పెట్టి చూసినప్పుడు రెండు కొనలూ ఒకే ఎత్తులో ఉండాలి, అది ముఖ్యం. ఇక్కడ ఒక మిల్లీమీటరు తేడా వస్తే ఎంత బాగా రంగు వేసినా విమానం వంకరగానే కనిపిస్తుంది.

గరుడ72:
+1. పల్చటి సిమెంట్ (మోడళ్లు అతికించే ద్రవ జిగురు) వాడుతుంటే ముక్కలకు పూసి అతికించే పద్ధతి మానేయండి. రెండు ముక్కల్నీ పట్టుకుని బ్రష్ కొనను అతుకు మీద ఆనిస్తే అదే లోపలికి పాకుతుంది. వేలు మాత్రం అతుకు మీద ఉండకూడదు. ఉంటే సిమెంట్ వేలి కిందికీ పాకి మీ వేలిముద్ర ఆ రెక్క మీద శాశ్వతం.

వెంట్రుకంత సందు మిగిలితే నీటితో కలిసే పుట్టీ పెట్టి, తడి ఇయర్‌బడ్‌తో తుడిచేయండి. సందులో ఉన్నది ఉంటుంది, మిగతాది పోతుంది. రుద్దే పని లేదు కాబట్టి పక్కనున్న ప్యానెల్ గీతలు (రేకుల అతుకులను చూపే సన్నటి గాడులు) చెరగవు. వీపు మీది అతుకుకు నేను సూపర్ గ్లూ వాడతాను. అయితే గట్టిపడిన కాసేపటికే రుద్దేయాలి. మర్నాటికి వదిలేస్తే ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారవుతుంది, అప్పుడు చుట్టూ ప్లాస్టిక్ అరుగుతుంది కానీ అది అరగదు.

నిదానంగాకానీ:
బ్రష్ సంగతి నేను చెప్తాను. నేను ఎయిర్‌బ్రష్ వాడటం మానేసి మళ్లీ బ్రష్‌కే వచ్చిన మనిషిని.

1/72 అంటే 6 అడుగులు ఒక అంగుళంలోకి రావడం. స్పిట్‌ఫైర్ రెక్కల కొన నుంచి కొనకు అసలు కొలత 36 అడుగుల 10 అంగుళాలు, మీ బల్ల మీద అది 156 మిల్లీమీటర్లు. ఇంత చిన్న వస్తువుకు బ్రష్ చాలు. గీతల భయం అక్కర్లేదు. అసలు భయపడాల్సింది మందానికి. ఈ స్కేలులో ప్రతిదీ 72 రెట్లు. మిల్లీమీటరులో పదో వంతు రంగు పేరుకుంటే నిజం విమానం మీద 7 మిల్లీమీటర్ల పూత వేసినట్టే. ప్యానెల్ గీతలు పూడిపోతాయి, అంచులు మొద్దుబారతాయి, చూసేవాళ్లకు ఏది తేడాగా ఉందో తెలియదు కానీ బొమ్మలా కనిపిస్తుంది.

అందుకని రంగును పాల పలచన చేసుకోండి. యాక్రిలిక్ అయితే దాని సొంత థిన్నర్, అందులో ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ఒకటి రెండు చుక్కలు. మెత్తటి చదును బ్రష్, 6 నుంచి 8 మిల్లీమీటర్ల వెడల్పుది తీసుకోండి. చిన్న బ్రష్ అయితే జాగ్రత్తగా వేయొచ్చనుకుంటాం కానీ గీతలన్నీ దానివల్లే వస్తాయి. మొదటి పూత మరకలు మరకలుగా, కింది ప్లాస్టిక్ కనిపిస్తూ అసహ్యంగా ఉంటుంది. అలాగే ఉండాలి. దాన్ని సరిచేద్దామని సగం ఆరిన రంగు మీద మళ్లీ బ్రష్ పెట్టారో, కింది పూత లేచి వస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి రెండో పూత అడ్డంగా వేయండి. మూడోదో నాలుగోదో వేసేటప్పుడు గాలి ప్రవాహం దిశలో, ముందు నుంచి వెనక్కి లాగండి. ఒకవేళ సన్నటి గీత మిగిలినా అది గాలికి సాగిన మరకలా కలిసిపోతుంది.

రంగుకు ముందు రెండు పనులు. గిన్నెలు తోమే సబ్బునీటితో మోడల్‌ను కడిగి ఆరనివ్వండి. అచ్చు నుంచి ఊడటానికి వాడిన జిడ్డు, మీ చేతి జిడ్డు రెండూ పోవాలి, లేకపోతే మాస్కింగ్ టేప్ తీసేటప్పుడు రంగు కూడా టేప్‌తో వచ్చేస్తుంది. తర్వాత లేత బూడిద రంగు ప్రైమర్, స్ప్రే డబ్బాది. స్ప్రే మోడల్ బయట మొదలుపెట్టి, మోడల్ దాటించి బయటే ఆపాలి. కిటికీ తెరిచి, మాస్క్ పెట్టుకుని వేయండి. ప్రైమర్ పడ్డాక, అప్పటిదాకా మీకు కనిపించని అతుకులన్నీ బయటపడతాయి, అప్పుడు తిట్టుకోకండి.

చిన్నరెక్కలు:
ఉప్పుకాగితం గారూ, మీ అనుమానమే నిజం. కుడి రెక్క లోపలి అంచున మొటిమ ఉంది. గీకేశాక రెండు వైపులా ఒకేలా కూర్చుంది. మిగిలిన సన్న సందు టేప్‌తోనే మూసుకుంటుందనిపిస్తోంది.

రంగుల విషయంలో ఒక డౌట్. కిట్ కాగితంలో అడుగున ఒక రంగు, ఇంటర్నెట్‌లో ఇంకో రంగు. ఏది నమ్మాలి?

పాతకిట్లు:
ఏ తేదీ నాటి విమానం కడుతున్నారో ముందు తేల్చుకోండి. 1940 మొదట్లో అయితే అడుగున ఒక రెక్క నలుపు, ఒక రెక్క తెలుపు. జూన్ నుంచి 'స్కై' అనే లేత ఆకుపచ్చ ఛాయ రంగు వేయమన్నారు. సరైన రంగు సమయానికి అందని చోట్ల దగ్గర్లో ఉన్నవి కలిపి వేసుకున్నారు కాబట్టి ఆ వేసవి విమానాల అడుగు రంగు మీద ఎవరితోనూ పందెం వేయకండి. పైన డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్, ఇందులో గొడవ లేదు. ఆ రెండు రంగుల మచ్చల నమూనా కూడా రెండు రకాలు, అద్దంలో చూసినట్టు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి. సీరియల్ నంబర్ సరి సంఖ్యా బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి ఒకటి వేసేవారు. అందుకే ఫొటో దొరికితే కిట్ కాగితం పక్కన పెట్టేయండి.

తోక ముందు స్కై రంగు పట్టీ, స్కై రంగు స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్య టోపీ) చాలామంది వేస్తారు. అవి 1940 నవంబరు చివర్లో వచ్చినవి. ఆగస్టు నాటి విమానానికి ఆ పట్టీ ఉండదు, స్పిన్నర్ నలుపు. ఒకవేళ డిసెంబరు విమానమైతే పట్టీ వెడల్పు 18 అంగుళాలు, అంటే మీకు 6.35 మిల్లీమీటర్లు. ప్రొపెల్లర్ కొనల పసుపు 4 అంగుళాలు, మీకు 1.4. ఆ పసుపు కింద ముందు తెలుపు వేయండి, నలుపు మీద నేరుగా పసుపు ఎన్ని పూతలేసినా నిలవదు.

గరుడ72:
మచ్చల అంచులు మెత్తగా కలిసిపోవాలి కదా, బ్రష్‌తో అది రాదు. అక్కడే ఎయిర్‌బ్రష్ కావాలి.

నిదానంగాకానీ:
అక్కర్లేదండీ. నిజం విమానం మీద రెండు రంగుల మధ్య ఒక అంగుళం మేర మసక ఉందనుకోండి. 1/72లో అది మిల్లీమీటరులో మూడో వంతు. గట్టి అంచు వేసినా చేతి దూరం నుంచి తేడా తెలియదు. ఎయిర్‌బ్రష్‌తో రెండు మిల్లీమీటర్ల మసక వేసినవాళ్లే తప్పు వేస్తున్నారు, అసలు విమానం మీద అది అర అడుగు దాకా అవుతుంది. జర్మన్ విమానాల పక్కల మీది మచ్చల సంగతి వేరు, అక్కడ మీ మాటే ఒప్పుకుంటాను.

గరుడ72:
సరే, ఈ లెక్క బాగుంది. అయితే ఇదే లెక్క ప్యానెల్ గీతలకూ వేయండి. కిట్ మీద గీత 0.2 మిల్లీమీటర్లు ఉంటే అసలు దాని మీద 14 మిల్లీమీటర్లు, వేలు దూరే పగులు! దాంట్లో మళ్లీ నల్లటి వాష్ (గాడుల్లోకి పారించే పల్చటి రంగు) పోసి ఇంకా ఎత్తి చూపిస్తాం. నేను నలుపు మానేశాను. కింది రంగు కంటే కాస్త ముదురు గోధుమ లేదా బూడిద చాలు. ఇంజిన్ మూతలు, కదిలే భాగాల చుట్టూ కొంచెం ముదురుగా, మిగతా చోట్ల దాదాపు లేనట్టుగా.

పాతకిట్లు:
వెదరింగ్ (వాడి పాతబడినట్టు చూపించడం) గురించి కూడా చెప్పాల్సిందే. ప్రతి స్పిట్‌ఫైర్‌కూ ఒళ్లంతా వెండి రంగు చిప్పింగ్ (రంగు లేచి లోహం బయటపడిన మరకలు) పెడుతున్నారు. చుక్కాని, ఎలివేటర్లు (తోక రెక్కల కదిలే భాగాలు) గుడ్డ తొడిగినవి. మార్క్ 1లో ఎయిలెరాన్లు (రెక్కల కదిలే భాగాలు) కూడా గుడ్డవే. గుడ్డ మీద రంగు లేస్తే లోహం ఎలా కనిపిస్తుంది? పెట్టాలనుకుంటే పైలట్ ఎక్కే ఎడమ రెక్క మొదట్లో, ఇంజిన్ మూతల అంచుల్లో స్పాంజి ముక్కతో అద్ది వదిలేయండి. తుపాకుల నోళ్ల మీద ఎర్ర గుడ్డ ముక్కలు అతికించేవారు, అవి వేస్తే ముందు అంచుకు అందం వస్తుంది. కాల్చాక అవి చిరిగిపోతాయి. అప్పుడు రెక్క అడుగున తుపాకి మసి ఉండాలి. చెక్కుచెదరని ఎర్ర ముక్కలు, వెనక నల్లటి మసి రెండూ ఒకే మోడల్ మీద చూస్తుంటాను. చెప్తే కోపాలు.

మసకఅద్దం:
నా పేరు చూశారుగా, క్యానొపీ (కాక్‌పిట్ మీది అద్దపు మూత) గురించి మాత్రమే చెప్తాను. అద్దం దగ్గరికి సూపర్ గ్లూ తేవద్దు, దాని ఆవిరికి లోపల తెల్లటి పొర కడుతుంది. తెల్ల గమ్ చాలు, మిగిలింది తడి ఇయర్‌బడ్‌తో పోతుంది. ఫ్రేముల మీద ముందు కాక్‌పిట్ లోపలి బూడిద-ఆకుపచ్చ, దాని మీద బయటి రంగు వేయండి. అద్దంలోంచి చూస్తే లోపలి ఫ్రేము కూడా సరైన రంగులో కనిపిస్తుంది. టేప్‌ను ఒకే ముక్కగా కోయాలని కష్టపడకండి, సన్నటి పట్టీలు అంచుల వెంబడి పెట్టి మధ్యలో మాస్కింగ్ ద్రవం నింపితే సరిపోతుంది.

చిన్నరెక్కలు:
డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తులు) గురించి ఎవరూ చెప్పలేదు. కిట్ కాస్త పాతది, డెకాల్ కాగితం పసుపు పచ్చగా మారింది. పనికొస్తాయా?

పాతకిట్లు:
పారదర్శక కవర్లో పెట్టి, బొమ్మ వైపు బయటికి ఉండేలా ఎండ తగిలే కిటికీ అద్దానికి టేప్‌తో అంటించండి. కొన్నాళ్లకు పసుపు చాలావరకు పోతుంది. తర్వాత పనికిరాని ఒక గుర్తును కోసి నీళ్లలో వేసి చూడండి. అది ముక్కలైతే మిగతా షీటు మీద గ్లాస్ (మెరిసే) వార్నిష్ ఒక పూత కొట్టి ఆరనివ్వాలి. అప్పుడు ప్రతి గుర్తునూ అంచు దగ్గరగా కోసుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే ఇప్పుడు షీటంతా ఒకే పొర.

మ్యాట్ (మెరవని) రంగు మీద నేరుగా వేయొద్దు. గరుకు మీద గాలి చిక్కుకుని డెకాల్ చుట్టూ వెండిలా మెరుస్తుంది. గ్లాస్ వార్నిష్ వేసి, డెకాల్ పెట్టి, దాన్ని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ రాయండి. రాశాక ముడతలు పడుతుంది. కంగారుపడి ముట్టుకోవద్దు, ఆరేసరికి దానంతట అదే సర్దుకుంటుంది. ఆ తర్వాతే వాష్, చివర్లో మ్యాట్.

చిన్నరెక్కలు:
చివరిగా ఒకటి. రేడియో స్తంభం నుంచి తోకకు వైరు కట్టాలా? కొన్ని ఫొటోల్లో ఉంది, కొన్నింట్లో లేదు.

మసకఅద్దం:
పాత హెచ్‌ఎఫ్ రేడియో ఉన్నవాటికి స్తంభం నుంచి చుక్కాని మీదికి వైరు ఉంటుంది. వీహెచ్‌ఎఫ్ రేడియో వచ్చాక స్తంభమే చాలు, వైరు తీసేశారు. బాడీ పక్కల నుంచి తోక రెక్కల కొనలకు వెళ్లే రెండు సన్న వైర్లు మాత్రం ఐఎఫ్ఎఫ్ (మన విమానమా శత్రువుదా గుర్తించే పరికరం)వి, వాటిని దీనితో కలపకండి. మీ విమానం ఫొటోలో ఏది కనిపిస్తే అది పెట్టండి.

దారం వాడితే నూగు కనిపిస్తుంది. స్ప్రూ ముక్కను మంటకు కాస్త ఎడంగా తిప్పుతూ వేడిచేసి, మెత్తబడగానే మంట దూరం చేసి రెండు చేతులా లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది. మెల్లగా లాగితే లావుగా, వేగంగా లాగితే సన్నగా. తెల్ల గమ్ చుక్కతో ముందు ఒక కొన అతికించి, అది ఆరాక రెండోది. తీగ వదులై వేలాడితే వేడి చేసిన సూదిని తగలనివ్వకుండా కింద జరపండి, బిగుసుకుంటుంది. మ్యాట్ కోటు కూడా అయిపోయాకే ఈ పని పెట్టుకోండి, లేకపోతే చెయ్యి తగిలి తెగుతుంది.