వానలు పడ్డాక గోల్ఫ్ ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) మీద బంతి దొర్లట్లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి):
అన్నలూ, నమస్తే. ఆదివారాలు వైజాగ్ వెళ్లి గోల్ఫ్ ఆడుతుంటాను, ఇంకా నేర్చుకుంటున్నాను. మే నెలలో నా డ్రైవ్ (మొదటి పొడుగు షాట్) పడ్డాక ఎక్కడికో దొర్లిపోయేది. ఇప్పుడు పడ్డచోటే కూలబడుతోంది. సెవెన్ ఐరన్ (7 నంబరు ఇనప క్లబ్) కొడితే బంతి కన్నా ముందు మట్టి లేస్తోంది. నా స్వింగ్ పాడయిందంటారా? ఇంకోటి, మొన్న బంతి సగం మట్టిలో దిగబడింది. చేత్తో తీస్తుంటే పక్కాయన పెనాల్టీ అన్నాడు. నిజమేనా?

జవాబు:
తమ్ముడూ, స్వింగ్ ఇప్పుడేమీ పాడవలేదు. మేలో కూడా అలాగే కొట్టి ఉంటావు, నేల గట్టిది కాబట్టి బయటపడలేదంతే. ఎండిన నేల మీద క్లబ్ బంతికి కాస్త వెనక తగిలినా, జారుకుంటూ వెళ్లి బంతిని అందుకుంటుంది. తడి నేలలో అదే క్లబ్ దమ్ము చేసిన మడిలో పారలాగ దిగిపోతుంది. బంతిని ఒక అంగుళం కుడికాలి వైపు జరుపుకో (కుడిచేతివాటమే కదా?). పొడుగు ఐరన్లు సంచీలోనే ఉంచి హైబ్రిడ్ క్లబ్ తియ్యి. దాని అడుగు వెడల్పు కాబట్టి అంత తొందరగా దిగబడదు.

డ్రైవ్‌కి దొర్లే దూరం ఇక రాదు, దాని మీద ఆశ పెట్టుకోకు. టీ (బంతిని నిలబెట్టే పుల్ల) కొంచెం ఎత్తు పెట్టి గాల్లోనే దూరం రాబట్టు. రెండో షాట్‌కి సెవెన్ బదులు సిక్స్ ఐరన్ తీస్తే ఇంకాస్త దూరం పోతుంది.

వెడ్జ్ (దగ్గరి షాట్లు కొట్టే క్లబ్) బౌన్స్, అంటే దాని అడుగు వాలు, ఎంతో చూసుకో. మెత్తటి నేలకి 10 డిగ్రీలు, ఆ పైన ఉంటే మేలు. 4, 6 డిగ్రీలవి ఎండాకాలానికి పనికొస్తాయి.

ఇంకో జవాబు:
రూల్ సంగతి నేను చెప్తాను. తన దెబ్బకే పడిన గుంటలో బంతి ఉండి, కొంతైనా నేలమట్టం కన్నా కిందికి దిగితే, ఫెయిర్‌వే మీద పెనాల్టీ లేకుండా తియ్యొచ్చు. రూల్ 16.3. తుడుచుకోవచ్చు కూడా. బంతి ఉన్న చోటికి సరిగ్గా వెనక నుంచి ఒక క్లబ్ పొడవు లోపల, హోల్‌కి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి వదలాలి. పక్కాయన భుజం ఎత్తు అంటే, అది 2019కి ముందు మాట అని చెప్పు.

దిగబడకుండా ఊరికే మట్టి అంటుకుంటే మాత్రం, కోర్సు కమిటీ ఆరోజు ప్రిఫర్డ్ లైస్ (బంతిని ఎత్తి తుడుచుకోనిచ్చే సడలింపు) పెట్టిందో లేదో ముందే కనుక్కోవాలి. లేకుండా ఎత్తి తుడిస్తే ఒక స్ట్రోక్ పెనాల్టీ. పొద్దున్న మంచు తడిని నిలిచిన నీళ్లని చెప్పి పెనాల్టీ తప్పించుకోవడానికీ లేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలన్నా. మరి తుడవకూడదంటే ఆ మట్టి బంతినే కొట్టాలా?

జవాబు:
కొట్టాలి మరి, ఏటి చేస్తాం! మట్టి కుడివైపు ఉంటే బంతి ఎడమకి లాగుతుంది, ఎడమవైపు ఉంటే కుడికి. దానికి తగ్గట్టు గురి జరుపుకో. జెండా మీదికి కాకుండా గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) నడిబొడ్డుకి కొట్టు.